హనుమాన్ జంక్షన్ సులోచన

ఆ రోజుల్లో పత్రికలో సినిమా పేజీ రాసేవాడంటే పొద్దస్తమానం హీరోయిన్ల పక్కన కూర్చుని కాఫీ తాగేవాడని మా చుట్టాలందరికీ గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని నేనూ చెడగొట్టేవాణ్ణి కాదు. నిజానికి అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. విజయవాడలో ఒక చిన్న పత్రికలో ఉద్యోగం, వన్ టౌన్‌లో మిరపకాయల గోడౌన్ మీద ఒక గది, ఆ గదిలో ఒక టేప్ రికార్డరు. (పాట వింటుంటే కళ్ళమ్మట నీళ్ళు కారేవి. అది సంగీతం మహిమో, కింద బస్తాల ఘాటో ఇప్పటికీ చెప్పలేను.) ఊరు ఊరంతా సినిమా పిచ్చే గానీ, ఫలానా పాటలో రెండో చరణం ముందు ఫ్లూట్ ఎందుకు చటుక్కున ఆగిపోయిందో మాట్లాడుకోవడానికి నాకొక మనిషి దొరకలేదు. మెస్‌లో పక్కన కూర్చున్నాయనతో ఒకసారి ఆ ప్రస్తావన తెస్తే, "ముందు ఆ పప్పు ఇటు జరపండి సార్" అన్నాడు. ఇక ఎవరితోనూ అనలేదు.

అలాంటి సమయంలో మా పేజీలో పాఠకుల ప్రశ్నలకు జవాబులిచ్చే శీర్షిక ఒకటి పెడదామన్నారు. జవాబులు నావి. ప్రశ్నలు పంపమని ప్రకటన వేసి నెల దాటినా ఒక్క కార్డు ముక్క రాలేదు. మా పేజీ ఇన్‌ఛార్జిని మేం కత్తెర బాబాయ్ అనేవాళ్ళం (ఏ వ్యాసమైనా ఆయన చేతిలో పడితే సగమే తిరిగొచ్చేది). వెళ్ళి ఆయన దగ్గర మొర పెట్టుకున్నాను.

"రాకపోతే నువ్వే అడుగు, నువ్వే చెప్పు. ఇలాంటి శీర్షికలన్నీ మొదట్లో అలాగే నడుస్తాయిరా. ఓ ఆడపేరు కూడా పెట్టు, పేజీకి కాస్త కళొస్తుంది," అన్నాడాయన, తలెత్తకుండా ఎవరిదో వ్యాసం కోస్తూ.

అలా పుట్టింది సులోచన, హనుమాన్ జంక్షన్. ఆ ఊరే ఎందుకంటే, బస్సులో పోతూ చూడటమే తప్ప అక్కడ నాకు తెలిసినవాళ్ళెవరూ లేరు. తెలిసినవాళ్ళుంటే ఆరా తీస్తారు కదా! మొదట్లో ఆవిడ చేత "మీకిష్టమైన హీరో ఎవరు?" వంటి ప్రశ్నలే అడిగించాను. తర్వాత్తర్వాత ఆవిడకి ధైర్యం వచ్చింది. ఫ్లూట్ సంగతి అడిగింది. కోరస్‌లో ఒక గొంతు మిగతావాటికంటే వెనకబడిందని కనిపెట్టింది. ఒక వారం ఏకంగా నా జవాబు తప్పని తేల్చింది (తప్పే, మళ్ళీ విని చూసుకున్నాను). ఆఫీసు నుంచి రాగానే ఆవిడ ప్రశ్న రాసుకోవడం, పొద్దున్నే స్నానం చేసి, క్రాఫు దువ్వుకుని జవాబు రాయడం. క్రాఫు ఎందుకు దువ్వుకునేవాణ్ణో నన్నడక్కండి. వారానికి ఏడు రోజుల్లో నేను ఎవరితోనైనా మనసు విప్పి మాట్లాడానంటే అది ఆవిడతోనే.

చివరికి అసలు సిసలు ఉత్తరాలు రావడం మొదలైంది. ఎంతో సంబరంగా చింపితే అన్నీ ఆవిడకే! "సులోచన గారి ప్రశ్న అద్భుతం, జవాబు మాత్రం చప్పగా ఉంది" అని గుడివాడ నుంచి ఒకాయన రాశాడు. నేను సృష్టించిన మనిషి మీద నాకే కుళ్ళు పుట్టింది. కసికొద్దీ రెండు వారాలు ఆవిడ ప్రశ్న వేయలేదు. మూడో వారం ఆవిడకి ఒంట్లో ఎలా ఉందంటూ పదకొండు ఉత్తరాలొచ్చాయి. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు ఒక్కటి కూడా రాలేదు.

ఒక మధ్యాహ్నం కంకిపాడు నుంచి ఒకాయన ఆఫీసుకొచ్చారు. అడిగిన పాటల్ని కేసెట్లలో ఎక్కించి ఇచ్చే షాపు ఆయనది. తెల్ల చొక్కా, చంకలో బ్యాగు, అందులోంచి జాగ్రత్తగా తీసిన ఒక కేసెట్.

"సులోచన గారు ఫ్లూట్ గురించి అడిగారు చూడండి, ఆ పాటండీ. నా దగ్గర పాత రికార్డుంటే దాన్నుంచి శుభ్రంగా ఎక్కించాను. అడ్రసిస్తే నేనే ఇచ్చొస్తానండీ. షాపుకొచ్చేవాళ్ళందరూ రింగ్‌టోన్లే అడుగుతున్నారు. పాట మొత్తం వినే మనిషి ఒకరున్నారని పేపర్లో చూసేసరికి ప్రాణం లేచొచ్చిందండీ."

నిజం చెబితే శీర్షిక పోతుంది, దాంతోపాటు నా ఉద్యోగమూ పోవచ్చు. చెప్పకపోతే ఈయన ఆశపడుతూనే ఉంటారు. నేను ఉద్యోగాన్నే ఎంచుకున్నాను. "పాఠకుల అడ్రసులు బయటికివ్వకూడదండీ," అన్నాను, ఏదో పెద్ద రహస్యం కాపాడుతున్న మొహం పెట్టి. ఆయన తలూపి వెళ్ళిపోయారు.

వారం తిరక్కుండా మళ్ళీ వచ్చారు. చెప్పులకి ఎర్రటి దుమ్ము.

"హనుమాన్ జంక్షన్ వెళ్ళొచ్చానండీ. ఊళ్ళో సులోచనలు ముగ్గురున్నారు. ఒకావిడకి సినిమాలంటే పడవంట. ఒక పాపకి నాలుగేళ్ళు. మూడో ఆవిడ వాళ్ళాయన, 'మా ఆవిడతో నీకేం పనయ్యా' అని కర్ర తీశాడండీ. మన సులోచన గారు అద్దెకుంటున్నారేమో, కాస్త గుర్తు చెప్పండి, ఈసారి సరిగ్గా వెతుకుతాను."

నవ్వొచ్చింది. కానీ ఈయన మళ్ళీ వెళ్తారు, అడిగిన ఇంట్లోనే మళ్ళీ అడుగుతారు. కత్తెర బాబాయ్ అటు తిరిగి ఫోన్‌లో ఉండటం చూసి, ఉన్న సంగతంతా చెప్పేశాను.

ఆయన చేతిలోని కేసెట్‌ని తిరిగి బ్యాగులో పెట్టుకున్నారు. "ఫ్లూట్ మాట రాసింది కూడా మీరేనా?"

"నేనేనండీ. క్షమించండి."

"దానికి ఆడపేరు దేనికండీ? మీరే అడగొచ్చుగా," అన్నారు. నేను బల్ల మీది ఉత్తరాలు సర్దడం మొదలుపెట్టాను. జవాబులు చెప్పడమే నా ఉద్యోగం మరి. "సరే, ఆదివారం మా షాపుకి రండి. ఎలాగూ ఎక్కించాను, ఎవరో ఒకరు వినాలిగా."

వెళ్ళాను. కంకిపాడు బజార్లో చిన్న షాపు, ముందంతా సెల్‌ఫోన్ కవర్లు, వెనక రెండు కుర్చీలు. ఆయన షట్టర్ సగం దించి, వీధి గోల తగ్గాక పాట పెట్టారు. నా గదిలో ఎన్నిసార్లు విన్నానో ఆ పాట, ఎన్నడూ అంత బాగా వినిపించలేదు. కానీ పక్కన ఒక మనిషి కళ్ళు మూసుకుని, నేనేమంటానోనని ఎదురుచూస్తుంటే నాకు సిగ్గు ముంచుకొచ్చింది. ఇలాంటి మనిషి కోసమే కదా నేను రెండేళ్ళుగా అల్లాడింది? తీరా దొరికితే ఆయనతో ఏం మాట్లాడాలో తెలియలేదు. ఫ్లూట్ ఆగిన చోటు వచ్చింది, వెళ్ళిపోయింది. పాట పూర్తిగా అవకుండానే "చాలా బాగుందండీ" అనేశాను.

ఆయన కళ్ళు తెరిచి, మెల్లిగా మీట నొక్కారు.

"ఆవిడైతే ఇంకోసారి వెయ్యమనేదండీ," అన్నారు.

ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది, ఏదో ఒకటి తిరిగి అనేవాణ్ణి. బస్సు టైమవుతోందని చెప్పి చెప్పులేసుకున్నాను. ఆయన వద్దనలేదు, షట్టర్ పైకెత్తి దారిచ్చారు.

ఇప్పుడు నాకు యాభై దగ్గరపడింది. పాటల గురించి రోజూ ఏదో ఒకటి రాస్తూనే ఉన్నాను, దాని కింద ముక్కూమొహం తెలియనివాళ్ళ వందల కామెంట్లు ఒంటరిగా కూర్చుని చదువుకుంటూనే ఉన్నాను. అప్పుడప్పుడూ, బస్సు తప్పిపోతుందని హడావుడిగా వీధిలోకి పరిగెత్తిన ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వుకుంటాను. కంకిపాడు నుంచి విజయవాడకి పది నిమిషాలకో బస్సుండేది.