కంటి కింద వాపు

మొన్న మా కాటేజీ వరండాలో కూర్చుని ఒక పట్నం అమ్మగారు తన కుక్కకి పళ్లు తోముతుంటే, టీ పట్టుకెళ్లిన నేను ఆ టీ చల్లారేదాకా నిలబడి చూశాను. చూడక ఏం చేస్తాను? కానుగపుల్ల నమిలి ఉమ్మేస్తే అదే పెద్ద శుభ్రం అనుకునే మనుషుల మధ్య పెరిగినవాణ్ణి. కోడి రుచి ఉండే పేస్టు ఒకటుంటుందనీ, దాన్ని కుక్కల కోసమే తయారుచేస్తారనీ అరకులో పుట్టి అరకులోనే ముసలివాణ్ణయ్యే నాకు ఎవరు చెప్పారు కనుక? ఆవిడ తోమేది ముందు నాలుగు పళ్లే. ఫోను ఫొటోలో పడేవి ఆ నాలుగే కదా మరి. లోపలి దవడ పళ్ల సంగతి ఆ కుక్కకి తెలియాలి, దాన్ని పుట్టించినవాడికి తెలియాలి. ముందురోజు సాయంత్రం బొంగులో చికెను తెప్పించుకుని, మాడిన ఎముకలన్నీ ఆ కుక్క నోట్లోనే వేసి ముద్దు చేసింది కూడా ఈ తల్లే.

తోమడం అయ్యాక ఆవిడ ఒక చిన్న సీసా తీసి కుక్క కుడికంట్లో చుక్కలు వేసింది. ఆ కంటి కింద రేగిపండంత వాపు ఉంది. దాన్ని చూడగానే టీ గ్లాసు గట్టు మీద పెట్టేశాను. అమ్మా, కన్ను కాదేమో, ఒకసారి పై దవడ చూడండి అన్నాను. ఆవిడ నవ్వి, కంటికీ దవడకీ ఏం సంబంధం అంకుల్, ఇది ఎలర్జీ, మేం నెట్‌లో చూశాం అంది. నాలుగో తరగతిలోనే బడి నన్ను వదిలించుకుంది కాబట్టి, నెట్‌తో వాదించే చదువు నాకు లేదు. చల్లారిన టీ తీసుకుని వెనక్కి వచ్చేశాను. కానీ ఆ వాపు మాత్రం నాతోపాటే వంటింట్లోకి వచ్చి కూర్చుంది.

నా ఈడు వాళ్లకి గుర్తుండే ఉంటుంది, మా చిన్నతనంలో కొండవాలు పోడుకి కంచె అంటే కుక్కే. చోళ్లు, అంటే మీ రాగులే, కంకి పట్టాయంటే అడవి పందులకి ఆహ్వానం పంపినట్టే. మా బావ రోడ్డు పనులకి సాలూరు వైపు పోతే, మా అక్క ఒక్కతే మంచె మీద కూర్చుని ఆ పోడు కాసేది. ఒక్కతే అంటే నల్లోడు ఒప్పుకోడు. నల్లోడంటే దాని కుక్క. చీకట్లో పంది అడుగు పడకముందే లేచేవాడు. వాడు మొరిగితే అక్కకి గింజ మిగిలేది, మొరగకపోతే ఆ ఏడాదికి పస్తులే. ఇది కవిత్వం కాదు, ఆ రోజుల్లో లెక్క అంతే.

మా ఊళ్లో ఒక మర్యాద ఉండేది. పండక్కి పందిని కోస్తే, పంట కాసిన కుక్కకి తొడ ఎముక వాటాగా ఇచ్చేవారు. అదేదో శాలువా కప్పినట్టు, ఊరి పెద్ద అందరి ముందూ విసిరేవాడు. ఆ పెద్ద ఎవరో కాదు, సాక్షాత్తూ మా మావ, మా అమ్మకి అన్న. ప్రపంచంలో ఆయనకి తెలియని విషయం ఒక్కటే, తనకేమీ తెలియదన్న విషయం. పశువుకి జబ్బు చేస్తే వాత, మనిషికి జబ్బు చేస్తే వాత, వాన పడకపోతే మేఘం అందలేదు కానీ దానికీ పెట్టేవాడే. ఆ ఏడు మావ విసిరిన ఎముకని నల్లోడు గర్వంగా కొరికాడు. పెటేలుమని శబ్దం వచ్చింది. ఎముక విరిగిందని అందరం చప్పట్లు కొట్టాం.

కొన్నాళ్లకి వాడి కంటి కింద వాచింది. కొమ్మ గుచ్చుకుందని ఒకరు, పురుగు ముట్టిందని ఒకరు, కొండదేవతకి కోపం వచ్చిందని ఇంకొకరు అన్నారు. మావ మాత్రం కొడవలి మొన ఎర్రగా కాల్చి, ఆ వాపు కిందే వాత పెట్టాడు. రెండు రోజులకి వాపు పగిలి చీము కారింది. ఇంకేముంది, మావ మీసానికి ఆముదం ఎక్కువైంది. చెడ్డనెత్తురు తన వాతకి భయపడి పారిపోయిందని సంతలో కనిపించిన ప్రతివాడికీ చెప్పాడు. ఆ చెడ్డనెత్తురు మళ్లీ తిరిగొచ్చింది. ఈసారి నల్లోడు అంబలి కుండ దగ్గరకి వచ్చి మూతి పెట్టి, కుయ్యిమని వెనక్కి గెంతేవాడు. చొంగ కారేది. ముంజేత్తో మూతి రుద్దుకునేవాడు. దవడ దగ్గర చెయ్యి పడితే పళ్లు బయటపెట్టేవాడు. తన వైద్యం ఓడిపోయిందని ఒప్పుకోవడం కన్నా కుక్కకి పిచ్చెక్కిందనడం మావకి సులువైంది.

"ఓలే గుంటా, ఆడికి ఎర్రెత్తింది. ఇంకా ఇంటి కాడ ఎట్టుకుని ఏటి సేత్తన్నావు? ఊరందర్నీ సంపుతావేటి? గెడ్డ అవతలికి అట్టుకెళ్లి బేగి తేల్చీమను" అన్నాడు. గెడ్డంటే మా ఊరి వాగు.

"నీ వాతకి ఎర్రెత్తకపోతే అది కుక్కే కాదు మావా" అంది అక్క. ఆ నోరు మా వంశంలో నాకొక్కడికే వచ్చిందనుకునేవాణ్ణి. అది కూడా అక్క దగ్గర కొట్టేసిందే.

అయినా ఊరు మావ మాటే విన్నది. కర్రలు సిద్ధమయ్యాయి. సంత రోజున గొడ్లకి టీకాలు వెయ్యడానికి జీపులో డాక్టరు వస్తాడని తెలిసి, ఆయన పిచ్చి కాదంటే వదిలేయండని అక్క గడువు అడిగింది. కంకులు పాలు పోసుకుంటున్న రోజులు. కుక్క పోతే పంట పోయినట్టేనని అక్కకీ తెలుసు, ఆ కర్రలు పట్టుకున్న వాళ్లకీ తెలుసు. సంతనాడు తాడు కట్టి వాణ్ణి కొండ దింపింది. కర్రల వాళ్లు పెళ్లివారిలాగా వెనకే నడిచారు, వాళ్ల ముందు మావ. ఆ ఊరేగింపులో జోకులు వేసుకుంటూ నేనూ ఉన్నాను.

డాక్టరు మైదానం వాడు, తెల్లచొక్కా. జీపు దిగలేదు. బానెట్టు మీదుగానే చూసి, చొంగ ఉంది, తిండి లేదు, కరవొస్తోంది, ఇంకేం కావాలి, దూరంగా ఉండండి అన్నాడు. మావ కర్రల వాళ్ల వైపు తిరిగి తల ఊపాడు. చదువున్నవాడూ లేనివాడూ ఒక్క మాట మీదికి రావడం నా జీవితంలో అదే మొదటిసారి చూశాను. ఇద్దరూ అంతదూరం నుంచే చూశారు కాబట్టి వచ్చారు.

అక్క కింద కూలబడి నల్లోడి మెడని చంకలో ఇరికించుకుంది. "బాబూ, ఈడు నీల్లు తాగుతన్నాడు, నన్ను ఆనవాలు పడతన్నాడు. కన్ను సూసినారు, సొంగ సూసినారు. నోరు సూసినోడు ఒక్కడన్నా ఉన్నాడేటి?" అని, వేళ్లతో వాడి పై పెదవి ఎత్తేసింది. ఈ మాట ఇప్పుడు మా కోడలికి చెబితే, అలాంటి కుక్క నోట్లో వట్టి చెయ్యి పెట్టడమేమిటి, నిజంగా పిచ్చిదైతే ప్రాణం పోయేది కదా అని నన్ను తిడుతుంది. తిట్టవలసిందే. ఎవరూ అలా చేయకూడదు. కానీ అక్కకి ఆ పూట మిగిలింది ఆ చెయ్యి ఒక్కటే.

పెదవి లేచేసరికి వాసన లేచింది. పక్కనే ఎండుచేపలు అమ్మేవాడు ముక్కు మూసుకున్నాడంటే మీరే ఊహించుకోండి. పై దవడలో అన్నిటికన్నా పెద్ద పన్ను నిలువునా చీలి ఉంది. దాని మీద గోధుమరంగు గార బండకి పట్టిన పాచిలా పేరుకుంది. చిగురు ఉబ్బి చీము కక్కుతోంది. ఆ పంటి వేళ్లు సరిగ్గా కంటి కిందకి పోతాయని అప్పుడు డాక్టరు చెప్పాడు, జీపు దిగి. ఆయన్ని ఒక్క విషయంలో తిట్టను. దిగినవాడు పని అయ్యేదాకా మళ్లీ ఎక్కలేదు. గొడ్ల సంచిలో కుక్క పంటికి తగిన సామాను ఎక్కడుంటుంది? మత్తుసూది ఇచ్చి, చెమటలు కక్కుతూ, తెల్లచొక్కా ఎర్రచొక్కా అయ్యేదాకా ముక్కలు ముక్కలుగా ఆ పన్ను తీశాడు. గట్టి ఎముక వేశారా అని అడిగాడు. అందరం మావ వైపు చూశాం.

"సూసినారా, నేను వాతెట్టబట్టే సీము కిందకి దిగింది" అన్నాడు మావ.

నల్లోడు ఆ ఏడు పంట కాశాడు. చోళ్లు ఇంటికొచ్చాయి. పండగనాడు మావ మళ్లీ తొడ ఎముక విసిరాడు, వద్దంటే ఊరిని వద్దన్నట్టే మరి. అక్క దాన్ని నేల మీద పడకుండా పట్టుకుని, ఇంటికి తెచ్చి ఉడకబెట్టి, రసం అంబలిలో కలిపి వాడికి పోసి, ఎముకని పెంటలో పూడ్చేసింది. మావ బతికున్నంతకాలం, ఆ కుక్క బలం తన ఎముకదే అని చెప్పుకున్నాడు.

ఇప్పుడు పోడు లేదు, అంతా కాఫీ. కాఫీని పందులు తినవు కాబట్టి కుక్కలు కూడా కాటేజీల దగ్గర నౌకరీకి చేరాయి. మా కోడలి పిల్లి అన్నం దగ్గరికి వెళ్లి వెనక్కి గెంతుతుంటే, కోడలే దాని పెదవి ఎత్తి ఎర్రబడ్డ చిగుళ్లు చూసి, ఆ రోజే కొండ దింపి పట్నం తీసుకెళ్లింది. అక్కడ మత్తిచ్చి, ఎక్సరే తీసి, చిగురు లోపలి గార గీకి, కుళ్లిన పళ్లు వేళ్లతో సహా తీసేశారట. ఇప్పుడా పిల్లి నాకన్నా బాగా తింటోంది. అన్నీ వచ్చాయి, కాదనను. అక్క చూసి ఉంటే ఇన్ని సామాన్లా అని నోరు వెళ్లబెట్టేది.

పట్నం అమ్మగారు నిన్న వెళ్లిపోయారు. ఆసుపత్రి ఎక్కడుందో కోడలు కూడా చెప్పి చూసింది. ఆవిడ మళ్లీ నవ్వి, కుక్క కంట్లో ఇంకో చుక్క వేసి, దారిలో కొరుక్కోమని ఎముక ఇచ్చి కారెక్కించుకుంది. కిటికీలోంచి ఆ కుక్క తల ఒకపక్కకి వాల్చి, ఎడమ దవడతోనే నములుతోంది. ఘాటు మలుపు దాకా చూస్తూ నిలబడ్డాను. మా మావ ఎప్పుడో పోయాడనుకున్నాను. పోలేదు, కారు కొనుక్కున్నాడు. మా అక్క మాత్రం ఏ కారులోనూ కనిపించడం లేదు.