కుట్లు జుట్టులో దాక్కుంటాయన్నారు

మా వదిన ముఖానికి ఆపరేషన్ చేయించుకున్న సంగతి నేనే బయటపెట్టానని సింగపూర్లో యీషున్ నుంచి టోవా పాయో దాకా మా తెలుగువాళ్ళందరూ చెప్పుకుంటున్నారు. కుళ్ళుతో చెప్పానట. ఆ మాట అనేవాళ్ళలో ఒక్కరికైనా ఆ ఆపరేషన్లలో రకాలున్నాయని తెలుసా? తెలియదు. తెలియకుండా మాట్లాడడం వాళ్ళకి అలవాటు, విని ఊరుకోవడం నాకు చేతకాదు. గొడవంతా అక్కడే వచ్చింది.

వదిన అంటే మా అన్నయ్య భార్య. యాభై ఆరేళ్ళు. ఒకరోజు ట్రైన్‌లో ఎవరో కాలేజీ పిల్ల లేచి "ఆంటీ, సిట్ లా" అని సీటిచ్చిందట. కాళ్ళు లాగుతున్నాయి కాబట్టి కూర్చుంది. కూర్చుని ఏడ్చింది. ఆ సాయంత్రం నాకు ఫోన్ చేసి, "అమ్మాయ్, నా చెంపలు కిందికొచ్చేశాయే" అంది, అవేవో చెప్పకుండా ఇల్లు విడిచి వెళ్ళిపోయినట్టు.

"నావీ వచ్చాయి వదినా. యాభై దాటాక వాటి చోటు అదే."

"నీకేం, నువ్వు అద్దం చూసుకోవు."

అన్నయ్యని అడిగితే "నీ ఇష్టం" అన్నాడు. పెళ్ళైన దగ్గర్నుంచీ అన్నిటికీ ఆయనది ఆ ఒక్క మాటే. తోడుగా ఎవరైనా రావాలన్నారని నన్ను క్లినిక్కి లాక్కెళ్ళింది. అక్కడ నవ్వినా నుదురు కదలని ఒక అమ్మాయి టాబ్లెట్ మీద బొమ్మలు చూపిస్తూ, హోటల్లో టిఫిన్లు ఏకరువు పెట్టినట్టు ఫేస్‌లిఫ్ట్ రకాలన్నీ చదివింది. నేను జువాలజీ డిగ్రీదాన్ని. చర్మం కింద ఏముంటుందో నాకు పంచదార పూసి చెప్పక్కర్లేదు. డాక్టర్ పిలిచేలోగా వదినకి అదంతా మామూలు మాటల్లో విప్పి చెప్పాను.

దారాలు వేసేదానికి కోత ఉండదు. కరిగిపోయే దారాల్ని సూదితో చర్మం కింద దూర్చి పైకి లాగుతారు, జారిన కర్టెన్ని పిన్నీసు పెట్టి ఎత్తినట్టు. దారం కరిగాక కర్టెన్ మళ్ళీ దిగుతుంది. మినీ లిఫ్ట్ అంటే చెవి చుట్టూ చిన్న కోత. దవడ దగ్గర కాస్త జారినవాళ్ళకి పనికొస్తుంది, మెడకి దాంతో ఒరిగేదేమీ లేదు. మెడ కోసం గడ్డం కిందా చెవి వెనకా వేరే కోస్తారు. అసలు పెద్దది పూర్తి లిఫ్ట్. కణత దగ్గర జుట్టులో మొదలై, చెవి ముందు నుంచి దిగి, తమ్మె చుట్టూ తిరిగి, వెనక మెడ మీద మళ్ళీ జుట్టులోకి పోతుంది కోత. చర్మం ఎత్తి దాని కింద కండరాల పొరని బిగించి కుట్టడం ఒక పద్ధతి. ఆ పొర కిందికే వెళ్ళి, పొరనీ చర్మాన్నీ కలిపి లేపడం ఇంకో పద్ధతి. అలా కాకుండా పైచర్మాన్ని మాత్రమే లాగి కుట్టినవాళ్ళని చూడాలి, రోజంతా ఈదురుగాలికి ఎదురు నిలబడ్డట్టుంటారు.

జాకెట్టు కుట్టే టైలర్ని పది ప్రశ్నలడిగే మనిషి, డాక్టర్ని ఒక్కటే అడిగింది. మచ్చ కనబడుతుందా?

"జుట్టులో కలిసిపోతుంది" అన్నాడాయన. "మీరెప్పుడూ పొడుగు జుట్టే కదా?"

వదిన గర్వంగా జడ ముందుకేసి చూపించింది. నాకు ఒళ్ళు మండింది. మూడేళ్ళ కింద అన్నయ్య గుండె ఆపరేషన్ బల్ల మీదుంటే, ఆస్పత్రి వరండాలో నా చెయ్యి పట్టుకుని, ఆయన లేచి నడిస్తే కొండకొచ్చి గుండు చేయించుకుంటానని మొక్కింది ఈవిడే. అన్నయ్య లేచాడు, నడిచాడు, ఇప్పుడు బ్యాడ్మింటన్ కూడా ఆడుతున్నాడు. మొక్కు మాత్రం అలాగే ఉంది.

"వదినా, మొక్కు?"

టేబుల్ కింద తొడ మీద గిల్లింది. "మూడు కత్తెర్లిస్తే చాలు. ఆడవాళ్ళకి అంతే."

"నువ్వు గుండని మొక్కావు. పక్కన నేనున్నాను."

"దేవుడి తరఫు లాయరువా నువ్వు?"

ఏమిటన్నట్టు చూశాడు డాక్టర్. వదిన నన్ను చూపించి, "షీ ఈజ్ స్కేర్డ్" అంది.

పూర్తి లిఫ్టే చేయించుకుంది, లోతుగా చేసేది. వాట్సాప్ గ్రూపులో మాత్రం జ్ఞానదంతం తీయించుకున్నానని పెట్టింది. వాపు తగ్గి బయటికొచ్చాక అందరూ చుట్టుముట్టారు. "యోగానా వదినగారూ? చిరుధాన్యాలా?" "రెండూనూ" అంది, కళ్ళైనా ఆర్పకుండా. రాగిజావ ఎలా కాచుకోవాలో వివరంగా చెప్పింది. వాళ్ళు ఫోన్లలో రాసుకున్నారు కూడా! పెద్ద చదువులు చదివి, పెద్ద ఉద్యోగాలు చేస్తున్న ఆడవాళ్ళు, రాగిజావ తాగితే దవడ పైకి లేస్తుందని నమ్మారు.

ఏడాది తిరిగాక అన్నయ్యే టికెట్లు తీశాడు, మొక్కు తీర్చేద్దామని. నేనూ వెళ్ళాను. కల్యాణకట్టలో క్షౌరం చేసే ఆవిడ, "మూడు కత్తెర్లా, గుండా అమ్మా?" అని అడిగింది. నేను నోరు మెదపలేదు, ఒట్టు. అన్నయ్య బయటెక్కడో ఉన్నాడు. వదిన జడ విప్పుకుంది.

"గుండే" అంది.

కత్తి చెవి వెనక్కి వచ్చేసరికి ఆవిడ చెయ్యి ఆగింది. "తలకి దెబ్బ తగిలిందామ్మా?"

"పడ్డాను."

"రెండు పక్కలా ఒక్కలాగే పడ్డారా?"

తిరిగొచ్చిన ఆదివారం యీషున్‌లో ఒకరింట వ్రతం. వదిన తలకి గుడ్డయినా చుట్టుకోకుండా వచ్చి ముందు వరసలో కూర్చుంది. కణతల మీద, చెవుల వెనక, జుట్టు మొలవని సన్నటి గీతలు. అందరూ కథ వినడం మానేసి ఆ గీతలే చూశారు. రాగిజావ రాసుకున్నవాళ్ళలో ఒకావిడ గుసగుసగా, అంటే వంటింటి దాకా వినబడేట్టు, "దారాలు వేయించుకున్నట్టుంది" అంది.

నేను ఎలా ఊరుకోను? "దారాలకి ఇంత కోత ఎక్కడిదండీ? అది సూది పని. ఇది పూర్తి లిఫ్ట్. తెలియకపోతే అడగండి."

నేను బయటపెట్టింది రకం పేరు, అంతే. మచ్చల్ని గది నడుమ తెచ్చి కూర్చోబెట్టింది ఆ మచ్చలున్న మనిషే. అయినా నింద నాకు. వదిన కూడా అది తప్పని ఎవరితోనూ అనలేదు. నేను నిలదీస్తే "జుట్టు పెరిగాక చెబుతాలే" అంది. జుట్టు పెరిగింది, చెవులు దాటింది, గీతలు మళ్ళీ కనబడడం లేదు. చెప్పలేదు.

నింద సంగతి వదిలేస్తాను. క్లినిక్కులో మూడు కత్తెర్లు చాలని నాతో పోట్లాడిన మనిషి, రాగిజావ అబద్ధాన్ని ఏడాది పొడుగునా మోసిన మనిషి, అక్కడ బలవంతపెట్టేవాళ్ళెవరూ లేనప్పుడు, గుండే అని ఎందుకంది?