మస్తాన్ మేస్త్రి గారు తనమీద వేసుకున్న తప్పు

మస్తాన్ మేస్త్రి గారు ఇక లేరని మొన్న శుక్రవారం ఉదయం మా డ్రైవరు వెంకన్న ఫోన్లో చెబితే, నేను అతనితో దెబ్బలాటకు దిగాను. "పొద్దున్నే ఏం మాటలయ్యా అవి? నిన్న సాయంత్రం షెడ్డులో చూశాను ఆయన్ని" అన్నాను. వెంకన్న ఆ మాటే మళ్లీ చెప్పాడు. నిద్రలోనే గుండె ఆగిందట. ఏలూరులో కొన్ని దశాబ్దాలపాటు డీజిలు ఇంజన్లకు ప్రాణం పోసిన ఆ నిపుణుడు ఎవరికీ శ్రమ ఇవ్వకుండా నిష్క్రమించారు.

ఆయనది విద్వత్తు. ఆ మాట కావాలనే వాడుతున్నాను. చదివింది ఐదో తరగతి. ఫిజిక్సులో డిగ్రీ ఉన్న నాకు ఆ పట్టా సందు దొరికినప్పుడల్లా చూపించుకునే జబ్బుంది. ఆయనకు చూపించుకోవడమే తెలియదు. షెడ్డుకు బండి వస్తే బానెట్ ఎత్తేముందు డ్రైవరును కూర్చోబెట్టి కథంతా చెప్పించుకునేవారు. మధ్యలో నేను నోరు పెడితే, "బండి తోలినోళ్లు ముందండి. ఓనర్లు తర్వాతండి" అని వినయంగానే నా నోరు మూయించేవారు. అలా మూయించగలిగిన వారు ఈ జిల్లాలో మరొకరు లేరు.

కొల్లేటి చేపను కలిదిండిలో మంచు వేసి ఎక్కించి హౌరాకు తోలే లారీ నాకొకటి ఉంది. కొన్నేళ్ల కిందటి వేసవిలో అది ఎండెక్కేసరికి ఆగిపోతూ ఉండేది. ఇంజను వాడుకోగా మిగిలిన డీజిలు ట్యాంకుకు తిరిగి వెళ్లే దారి దానికి లేదు. ఫిల్టరు దగ్గరే తిరుగుతూ వేడెక్కి, గాలి పట్టేది. అక్కడినుంచి ట్యాంకుకు వెనక్కి ఒక గొట్టం వేద్దామన్నారు మేస్త్రి గారు.

"ట్యాంకులోంచి వచ్చినదాన్ని మళ్లీ ట్యాంకులోకే పంపడానికి ఇంత హడావుడా? అసలు తక్కువ పంపితే పోలేదూ?" అన్నాను.

"మరి ఉప్పుటేరు ఎందుకండీ అమ్మా? కొల్లేరు నిండాక మిగులు పోయే దారుండాలా, వద్దాండీ?"

"ఉప్పుటేరులో పడి సముద్రానికి పోయిన నీళ్లు కొల్లేటికి తిరిగి రావు మేస్త్రి గారూ."

"వానై వత్తాయండి. కాలేజీలో చదివినోరు, నేను చెప్పాలాండీ?"

షెడ్డులో అందరూ నవ్వారు. ఆ ఉక్రోషంతోనే కాబోలు, తర్వాతి మాట దగ్గర మొండికేశాను. తిరుగు గొట్టానికి ట్యాంకు రెండో చివర కొత్త బెజ్జం వెయ్యాలన్నారాయన. ట్యాంకు మార్పించి ఆర్నెల్లు కాలేదు, ఒప్పుకోనన్నాను. డీజిలు లాగే గొట్టం పక్కనే ఖాళీ బెజ్జం ఒకటుంది, అందులో పెట్టమన్నాను.

"పక్కపక్కనే వద్దండి. తిరిగొచ్చేది నురగతో వత్తది. ఆ నురగనే ఇది మళ్లీ లాగేత్తది."

"నిండు ట్యాంకులో నురగ పైకి తేలిపోతుందండీ. అది ఫిజిక్సు."

ఆయన నిట్టూర్చి నేను చెప్పినచోటే పెట్టారు. నిండు ట్యాంకుతో నడిపి చూశాం, బండి పరుగెత్తింది. ఆ వారమంతా నా ఫిజిక్సు గొప్ప నేనే చెప్పుకున్నాను.

పది రోజుల తర్వాత, లోడింగు తొందరలో ట్యాంకు నింపకుండా వెంకన్న బయలుదేరాడు. తాడేపల్లిగూడెంలో పోయించుకుందామనుకున్నాడు. ఊరు రాకముందే బండి ఆగింది. డీజిలు గొట్టంలో గాలి తీస్తే కదలడం, ఫర్లాంగు పోయి ఆగడం. నడినెత్తి ఎండలో మంచు కరిగి చేప మెత్తబడింది. "ఇంకా పావు ట్యాంకుందండి" అని వెంకన్న ఎంత మొత్తుకున్నా నేను నమ్మలేదు. డీజిలు అయిపోయేదాకా నిద్రపోయావని అందరిముందూ తిట్టి, పనిలోంచి తీసేశాను.

మూడోనాడు మేస్త్రి గారు బస్సు దిగి కలిదిండిలో ప్యాకింగు షెడ్డుకు వచ్చారు. అప్పటికే ఏలూరులో ఆయన లారీ విప్పి చూశారు. చేపల వ్యాపారి, కూలీలు, నేను అక్కడే ఉన్నాం. "తప్పు డ్రైవరుది కాదండి. ట్యాంకు తగ్గాక నురగ లాగింది. గొట్టం అక్కడ పెట్టింది నేనండి" అన్నారు. అక్కడ పెట్టించినదెవరో చెప్పలేదు. నావైపు చూడనైనా లేదు.

ఊరందరినీ నిలదీసే నా నోరు ఆ పూట పెగల్లేదు. వెంకన్నను మళ్లీ పిలిచాను. పిలుస్తూ, "మేస్త్రి గారి పొరపాటటయ్యా" అన్నాను కూడా. మర్నాడు ట్యాంకు రెండో చివర బెజ్జం పడింది. ఈనాటికీ ఆ లారీ హౌరా వెళ్లి వస్తోంది. ఒక్కసారి మాత్రం, "మేస్త్రి గారూ, ఆ రోజు నేనే కదా..." అని ఎత్తబోయాను. "స్పానరు నా చేతిలో ఉందండి, మీ చేతిలో లేదండి" అని అక్కడితో తుంచేశారు. నాకు అదే చాలనిపించింది. సిగ్గుపడవలసిన విషయం ఇది.

ఆడవాళ్లు లోపలికి వెళ్లరు కనుక, శుక్రవారం శ్మశానం గేటు బయట నిలబడ్డాను. జనాజాకు భుజం పట్టి వచ్చిన వెంకన్నతో ఆ బెజ్జం సంగతి చెప్పాను.

"తెలుసండి. గొట్టం పెట్టిన రోజు ట్యాంకు కడుగుతా అక్కడే ఉన్నానండి."

"మరి నిన్ను తీసేస్తుంటే చెప్పలేదేం?"

"మీ ముందాండీ?" అన్నాడు.

మస్తాన్ గారంతటివారు కూడా ఒకసారి చేపల లోడు పాడుచేశారని లారీ స్టాండులో ఇప్పటికీ అంటూంటారు. అనకండి. ఆయన వద్దన్నారు, నేను పెట్టించాను. ఈ ముక్క ఆయన బతికుండగా ఆ ప్యాకింగు షెడ్డులోనే అనవలసింది. నేను గెలిచిన వాదాలకు లెక్కలేదు. ఓడిపోయానని ఒప్పుకోవలసినది ఇదొక్కటే ఉంది; వినవలసిన ఆ ఒక్కరూ లేరు.