మోరీ కారు

బాపు పోయిండని మా ఆయన కరీంనగర్ ఆసుపత్రి నుంచి ఫోన్ చేసినప్పుడు నేను మంచిర్యాలలో మా ఇంటి వెనక కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఒక గోనె సంచిని కర్రతో గోడ వైపు జరుపుతున్నాను. ఆ సంచిలో మా మామ రిమోట్ కారు ఉంది. కారు నిండా మోరీ బురద. ఆ బురదలో ఇంకేమేం ఉన్నాయో చెప్తే మీరు ఈ పూట అన్నం తినలేరు. ఫోన్ పెట్టేశాక ఏడుపు వచ్చింది గానీ కంపు మాత్రం ముక్కులోంచి పోలేదు. మామ పోయిన కబురు అంటే నాకు ఇప్పటికీ ఆ వాసనే గుర్తొస్తుంది.

ముందే చెప్తున్నాను, నాకు రోత ఎక్కువ. బస్సులో కడ్డీ పట్టుకున్నా ఇంటికొచ్చి సబ్బుతో చేతులు రుద్దుకుంటాను. పక్కింటివాళ్లు చేపలు తోమిన నీళ్లు మా వాకిలి దాకా పారితే ఆ రోజంతా నాకు తిండి సయించదు. అలాంటి నన్ను దేవుడు ఏరికోరి మామ ఇంటికి కోడలిగా పంపాడు.

మామ సర్కారు బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. దుబాయిలో పనిచేసే మా మరిది సెలవుకు వచ్చినప్పుడు ఆ కారును సరదాకి తెచ్చుకున్నాడు. లారీ టైర్లకు పిల్లల్లా ఉండే లావుపాటి చక్రాలు దానికి. సెలవు అయిపోగానే మంచం కింద వదిలేసి పోయాడు. కొన్నాళ్లు మామ సాయంత్రాలు దాన్ని ఇంటి ముందు తోలుకుని మురిసిపోయేవారు. తర్వాత ఆయన కళ్లు మా గల్లీ మొదట్లో రోడ్డు కింద నుంచి పోయే మోరీ పైపు మీద పడ్డాయి.

ఆ పైపు సంగతి చెప్పాలి. మా గల్లీ మురుగంతా దాంట్లోంచే అవతలికి పోవాలి. జనం పిల్లల డైపర్ల నుంచి కోడి తోళ్ల దాకా అన్నీ మోరీలోనే పారేస్తారు. వాన పడి నీళ్లు ఇళ్లల్లోకి వచ్చినప్పుడు మళ్లీ వాళ్లే తలలు పట్టుకుంటారు. పల్లంలో ఉన్న ఇళ్లల్లో మాదే మొదటిది. ఒక వానాకాలం వంటింట్లోకి నీళ్లు వచ్చాయి. ఆ నీళ్ల మీద, ఎవరూ చెప్పకుండానే ఏమిటో తెలిసే ముద్ద ఒకటి తేలుతూ వచ్చి పొయ్యి గట్టు దగ్గర ఆగింది. అత్త ఆ రోజు వండలేదు. నేను మర్నాడు కూడా తినలేదు. ఆ గది కడిగి కడిగి నా చేతులు నానిపోయాయి గానీ మనసుకు మాత్రం శుభ్రమైనట్టు అనిపించలేదు.

మరుసటి ఎండాకాలం, మోరీ పలచగా పారుతున్నప్పుడు, మామ కారు వెనక నైలాన్ తాడు కట్టి పైపులోకి తోలారు. కారు తాడుతో సహా అవతల తేలింది. ఆ తాడుకు గోనె మూట కట్టి, ఈ పక్కొకరు ఆ పక్కొకరు పట్టుకుని లాగితే సీసా తోమినట్టు పైపంతా తోమవచ్చు. అవతల పట్టుకోవడానికి మా ఆయన తప్ప గల్లీలో ఒక్కరూ రాలేదు. ముక్కులకు దస్తీలు కట్టుకుని చూడటానికి మాత్రం అందరూ వచ్చారు. అప్పటినుంచి ఏటా వానలకు ముందు ఇదే పని. మా ఇంట్లోకి మళ్లీ నీళ్లు రాలేదు, ఇంకెవరింట్లోకీ రాలేదు.

పైపులోంచి బయటికొచ్చిన కారును మీరు చూసి ఉండాల్సింది. చక్రాలకు తల వెంట్రుకల ఉండలు, ఆ ఉండల్లో ఈకలు, ఈకలకు అంటుకున్న పాసిపోయిన మెతుకులు. ఒకసారి ముందు చక్రంలో ఎలుక తోక ఒక్కటే చిక్కుకుని ఉంది. మిగతా ఎలుక ఎక్కడ ఉండిపోయిందో అడగడానికి నాకు నోరు రాలేదు.

మామ వెనక అరుగు మీద పాత పేపరు పరుచుకుని, దాన్ని ముందు పెట్టుకుని కూర్చునేవారు. మొట్టమొదట అడుగు మూత విప్పి బ్యాటరీ తీసి పక్కన పెట్టేవారు. ఆ పని కాకుండా ఇంకో పని ముట్టేవారు కాదు. తర్వాత నీడలో ఎండనిచ్చేవారు. అది ఎండే పూటంతా ఆ వాసన మేము భరించాలి. ఎండిన బురదను రంగులు వేసే చిన్న బ్రష్షుతో రాల్చేవారు. ఇరుసుకు చుట్టుకున్న వెంట్రుకలను చీపురు పుల్లతో పోగు పోగుగా లాగేవారు. సందుల్లోకి సైకిల్ పంపుతో గాలి కొట్టేవారు. పైనున్న ప్లాస్టిక్ డొప్ప విడిగా ఊడి వస్తుంది కాబట్టి దానికొక్కదానికే సబ్బునీళ్లు. మిగతాదాన్ని గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి, ఫ్యాను కింద ఆరబెట్టి, చివర్లో ఇరుసులకు కుట్టుమిషన్ నూనె ఒక్కో చుక్క వేసేవారు.

ఒకసారి ఇక ఓర్చుకోలేక నేను నల్లా పైపు పట్టుకొచ్చాను, ఒక్క దెబ్బకు కడిగి పారేద్దామని. మామ పైపు మూతికి అరచెయ్యి అడ్డం పెట్టారు.

“నీళ్లు గొడితే మనకు సాఫైనట్టు అనిపిస్తది బిడ్డా. గలీజంత లోపటికి వోయి కూసుంటది.”

ఇంకెంతసేపు ఈ కంపు అని విసుక్కుంటే, ఎండేదాక అన్నారు. పైపు మూతి దగ్గర ఆయన వేళ్ల మధ్య నుంచి నీళ్లు నా చీర మీదికి చిమ్ముతుంటే నాకు ఒళ్లంతా జలదరించింది.

మామకు అసలు రోతే లేదేమోనని అనుకునేదాన్ని. అత్తను అడిగితే చిన్నగా నవ్వింది. మొదటిసారి పైపు తోమి వచ్చిన రోజు పెరట్లో జామచెట్టు దగ్గర కక్కుకున్నారట. తర్వాత ప్రతి ఏడాదీ ఆ పనికి ముందు ఏమీ తినకుండా పోయేవారట. కోడలికి చెప్పకు, ఇంకా దడుచుకుంటది అన్నారట.

గల్లీవాళ్లు ఆయనకు మోరీ సారు అని పేరు పెట్టారు. పేరు పెడితే పెట్టారు, అంతటితో ఆగలేదు. పల్లంలోనే ఉన్న ఒక ఇంటివాళ్లు గృహప్రవేశానికి పిలిచి, అందరూ బంతిలో కూర్చుంటే మామకు చివర్న, కాస్త ఎడంగా విస్తరి వేశారు. ఆయన వల్ల వాళ్ల కొత్త గచ్చు తడవకుండా ఉంది. వడ్డించేవాడు ఆయన దగ్గరికి వచ్చేసరికి గరిటె ఎత్తి పట్టుకుని పైనుంచి జారవిడిచాడు. నేను ఎదురు బంతి నుంచి చూశాను. చక్రంలో ఎలుక తోకను చూసినప్పుడు కూడా నాకు అంత రోత పుట్టలేదు. ఇంటికి వచ్చాక మామ మంచినీళ్లు తాగి, “పప్పు మంచిగుండె” అన్నారు.

ఈ ఏడాది కూడా కారు తోలారు. పైపు తోమి వచ్చి, బ్యాటరీ తీయబోతూ ఛాతీ పట్టుకుని అరుగు మీద ఒరిగారు. కరీంనగర్‌కు తీసుకుపోయారు. కారును ఎవరో గోనె సంచిలో వేశారు. మామ తిరిగి రాలేదు.

మూడో రోజు గోదావరి ఒడ్డున పిట్టకు పెట్టాం. మా దిక్కు పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి విస్తరిలో పెట్టి, కాకి ముట్టేదాకా ఎదురుచూస్తారు. ముట్టకపోతే వాళ్ల మనసులో ఏదో మిగిలిపోయిందని అర్థం. అన్నం, తలకాయ కూర, ఉడకేసిన శనగ గుడాలు, చాయ్ గ్లాసు, అన్నీ పెట్టాం. కాకులు చెట్ల మీదే ఉన్నాయి. ఎండ ముదిరింది. అత్త మొహం నల్లబడిపోయింది. ఆయన ఏదో బాధతో పోయాడన్న మాట ఆమెను కాల్చేస్తోందని చూస్తేనే తెలుస్తోంది. ఉన్నట్టుండి, కారు సాఫు చేయకుండా పోయాడు కదా, మనసంతా దాని మీదనే ఉంటుంది అంది. మా ఆయన బండి మీద పోయి సంచి తెచ్చాడు.

సంచి విప్పగానే చుట్టాలు వెనక్కి జరిగారు. మామ అన్న, మా పెద్దమామ, మోరీది అన్నం పక్కన పెడతారా అని గద్దించాడు. గోదారిలో ముంచి తెస్తే శుద్ధమవుతుందని ఆయనే దారి చెప్పాడు. అందరూ అదే మంచిదన్నారు. ఒకతను కర్రకు తగిలించుకుని నీళ్ల వైపు నడవబోయాడు. కారు మునిగితే అంతే సంగతి. ఈ ఏడాదికి పైపు తోమడం అయింది గానీ వచ్చే ఏడు మళ్లీ అదే కావాలి.

“ముంచుడొద్దు. మామ ఎన్నడు నీళ్లు పోయనియ్యలే” అన్నాను.

అన్నాక చేతులు ముడుచుకుని నిలబడితే కాదు కదా. ఇసుకలో కూర్చుని కారును ఒళ్లోకి తీసుకున్నాను. ముందు బ్యాటరీ తీశాను. పైన ఎండిన బురద గోరుతో గీకితే రాలింది. ఇరుసు దగ్గర మాత్రం ఇంకా పచ్చిగానే ఉంది, చల్లగా, జారుతూ. పుల్లతో లాగితే వెంట్రుకల ఉండ ఒకటి మెల్లగా ఊడి వచ్చింది. దాని లోపల ఉబ్బిన కోడి తోలు ముక్క. అది నా వేళ్లకు అంటుకుంది. గొంతుదాకా వచ్చినదాన్ని మింగి, చెయ్యి విదిలించాను. అది పోయి విస్తరికి అవతల పడింది.

చెట్టు మీది కాకి దిగింది. తలకాయ కూర దాటి పోయి ఆ తోలును ముక్కుతో పొడిచింది, కాలితో తొక్కిపట్టి చింపుకుని తిన్నది. అందరం నోళ్లు తెరుచుకుని చూశాం. పెద్దమామ మొహం తిప్పుకుని, ఇది లెక్కలోకి రాదన్నాడు.

అత్త లేచి నిలబడింది.

“గిది లెక్కల రాకుంటె ఆయన చేసింది గూడ లెక్కల రాదా బావా?”

కాకి అదే ముక్కుతో విస్తరిలోకి వచ్చి కూర ముట్టింది. అయినా అన్నాలకు ఎవరూ కూర్చోలేదు. నా మోచేతుల దాకా ఆ నలుపు ఉంది. ఈగలు ముసురుతున్నాయి. అత్త గిన్నె తెచ్చుకుని నా పక్కన, తొడకు తొడ ఆనేలా ఇసుకలో కూర్చుంది. ముద్ద కలిపి నా నోటి దగ్గర పెట్టింది. కంపు నా మీదా ఉంది, ఆమె చీరకూ అంటింది. నేను నోరు తెరిచాను. రెండో ముద్ద ఆమె తిన్నది. ఎదురుగా కాకి తన ముక్కును గులకరాయికి అటూ ఇటూ రాసుకుంటోంది.