తువ్వాలు మాస్టరు చేసిన పాలు లేని బన్ను

బేకరీ మాస్టరు అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ గుర్తులేదు. ముప్పై ఏళ్లుగా ఆయన ఎడమ భుజం మీంచి తువ్వాలు దిగలేదు కాబట్టి అందరికీ ఆయన తువ్వాలు మాస్టరు.

బేకరీ పైమేడలో ఉండే నాలుగేళ్ల పిల్ల రోజూ బడికి వెళ్తూ బయటి అద్దానికి ముక్కు ఆనించి బన్నుల్ని చూసేది. కొనేది కాదు. పాలు చుక్క తగిలినా ఆ పిల్లకు ఒళ్లంతా దద్దుర్లు, ఆపైన ఊపిరాడదు. అద్దం మీద మిగిలిన ఆ ముక్కు గుర్తు తుడవడానికి మాస్టరుకు మనసొప్పేది కాదు.

ఒకరోజు పిల్ల తల్లిని ఆపి అడిగాడు. "పాలూ వెన్నా లేకుండా బన్ను చేస్తే తింటుందామ్మా?"

తల్లి బయోసెన్సర్లు తయారుచేసే ప్రయోగశాలలో పనిచేస్తుంది. మర్నాడు అరచేతిలో ఇమిడే యంత్రం ఒకటి తెచ్చింది. మాస్టరు పాలు లేకుండా చేసిన బన్ను ముక్కను ద్రవంలో నలిపి, ఒక చుక్క సన్నటి పట్టీ మీద వేసింది. పట్టీకి పూసిన యాంటీబాడీలు పాల ప్రోటీన్ ఉంటే పట్టుకుంటాయి. ఎంత దొరికిందో తెర మీద అంకె పడుతుంది.

ఇరవై మూడు పడింది.

"పాలున్నాయి మాస్టారూ."

"చెంచాడు కూడా పొయ్యలేదమ్మా!"

"చెంచాడు దాకా ఎందుకు? దానికి మరక చాలు."

మాస్టరుకు తల కొట్టేసినట్టయింది. కొత్త పిండి సంచి విప్పాడు, రేకులు తోమాడు: పదిహేను. గిన్నె మార్చాడు, బల్ల కడిగాడు: పద్దెనిమిది. "నీ యంత్రానికే పాల మీద మోజు" అని విసుక్కున్నాడు. తన బన్ను ఎప్పుడని పిల్ల అడిగినప్పుడల్లా "రేపు" అన్నాడు. మూడో రేపు తర్వాత పిల్ల అడగడం మానేసింది. అది ఆయనకు ముల్లులా గుచ్చుకుంది.

గల్లాపెట్టె దగ్గర కూర్చున్న భార్య అంది, "అన్నీ కడిగారు. ఒక్కటే మిగిలింది."

"ఏది?"

"నా సవతి." గడ్డంతో ఆయన భుజం వైపు చూపించింది. "పాల బన్నులకు పూత పూసి చేతులు దేనికి తుడుస్తారు? ఈ బన్నుకని కడుక్కున్న చేతులు మళ్లీ దేనికి తుడుస్తారు?"

పిల్ల తల్లి వచ్చి, ఆ తువ్వాలు కొస తడిపి, ఆ తడిని పట్టీ మీద పిండింది. అంకె యంత్రం కొలవగలిగే హద్దు దాటిపోయింది.

"దొంగను భుజానెక్కించుకుని తిరుగుతున్నానన్నమాట," అన్నాడు మాస్టరు.

మర్నాడు తెల్లారుతూనే, దుకాణంలోకి పాలు రాకముందే బన్ను చేశాడు. చెయ్యి పదిసార్లు భుజం దాకా వెళ్లి, అక్కడ ఏమీ లేక వెనక్కొచ్చింది. తల్లి పరీక్ష చేసి, "ఏమీ దొరకలేదు," అంది.

"అంటే సున్నానా?"

"యంత్రం సున్నా అనదు మాస్టారూ. నాకు దొరికేంత లేదంటుంది, అంతే."

"మనుషుల కంటే నయం. తెలిసినంతే చెబుతోంది."

తల్లి అప్పటికే డాక్టరును అడిగి ఉంది. మందు సంచి పక్కన పెట్టుకుని, మేడమెట్ల మీద పిల్లకు గోరంత ముక్క ఇచ్చింది. తల్లీ, మాస్టరూ, ఆయన భార్యా అరగంట ఆ చిన్న మూతినే చూస్తూ కూర్చున్నారు. దద్దుర్లు రాలేదు. అప్పుడు బన్ను చేతికిచ్చింది.

"తాతా, నీ తువ్వాలేది?"

"ఉద్యోగంలోంచి తీసేశానే."

"పాపం! ఏం చేసింది?"

"నీ బన్నుకు అడ్డం పడింది."

పిల్ల నోటినిండా కుక్కుకుని నవ్వింది. "రేపూ ఇస్తావా?"

ఈసారి మాస్టరు రేపు అనలేదు; తల్లి వైపు చూశాడు. ఆమె సంచి జిప్పు మీంచి చెయ్యి తీసింది.

"మీరు బన్ను తెండి మాస్టారూ. నేను పట్టీ తెస్తాను."