కంచెల వెనక క్లేర్ కౌంటీ

మేము ఆస్ట్రేలియా వెళ్ళిన మొదటి ఏడాది ఆ చదును నేలను చూస్తేనే నాకు గుండెల్లో దడ పుట్టేది. ఇప్పుడు మెల్బోర్న్ శివార్లలోని టార్నీట్ అంటే మనవాళ్ళ ఇళ్ళు, కిరాణా కొట్లు, రైల్వే స్టేషను. వై టు కె రోజుల్లో అక్కడ ఎండుగడ్డి తప్ప ఏమీ లేదు. కనుచూపు మేర పసుపుపచ్చని బీళ్ళు, వాటిని విడదీస్తూ నల్లరాతి గోడలు, తీగ కంచెలు. మా ఆయనకి మెల్బోర్న్ సిటీలో ఒక కంపెనీలో కాంట్రాక్టు. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండంకెలు మాత్రమే ఉన్న చోటల్లా నాలుగంకెలు పట్టేలా సరిచేయడం ఆయన పని. రెండువేల సంవత్సరం వచ్చేశాక ఆ పని ఉంటుందో లేదో, వీసా ఏమవుతుందో తెలియదు. అద్దె తక్కువని ఆ బీళ్ళ మధ్య ఒక ముసలావిడ ఇంటి వెనక భాగంలో రెండు గదులు తీసుకున్నాం. ఆయన పొద్దున్నే కారేసుకుని వెళ్ళిపోతే సాయంత్రం దాకా ఆ ఇంట్లో ఆవిడా, నేనూ.

ఆవిడకి ఎనభై దాటాయి. ఐర్లండులో క్లేర్ కౌంటీలో పుట్టి, ఇక్కడి రైతుని పెళ్ళాడి వచ్చింది. భర్త పోయాడు. ఒక్కడే కొడుకు, పెర్త్‌లో ఉంటాడు. మిగిలిన కాసిని గొర్రెలనూ పక్క పొలం ఆయన చూసుకునేవాడు. నేను మొదట్లో ఆవిడను ఆంటీ అంటే, "నీకు నేను ఆంటీని ఎప్పుడయ్యాను?" అని నవ్వింది. తర్వాత ఆ పిలుపు వినపడకపోతే ఆవిడే వెతుక్కుంటూ వచ్చేది.

"కారు నడపడం రాకుండా ఇక్కడ ఎలా బతుకుతావమ్మాయ్?" అని ఒకరోజు నన్ను షెడ్డులోకి లాక్కెళ్ళింది. అక్కడ వెనక తొట్టి ఉన్న పాత యూట్ ఒకటి ఉండేది. సొంత పొలంలో నడపడానికి లైసెన్సు అక్కర్లేదంది. ఆవిడ పక్కన కూర్చుని గేరు ఎప్పుడు మార్చాలో చెప్పేది. నేను స్టీరింగుని రెండు చేతులా పట్టుకుని, చెమటలు కక్కుతూ ఒక బీడు నుంచి ఇంకో బీడుకి నడిపేదాన్ని. గేటు దగ్గర ఆపిన ప్రతిసారీ ఆవిడ ఆ బీడు పేరు చెప్పేది.

"ఇది నాక్‌మోర్."

"అంటే ఏంటి ఆంటీ?"

"పెద్ద గుట్ట."

చుట్టూ చూశాను. పీట వేసినట్టు చదును. "గుట్ట ఏదీ?"

"గుట్ట అక్కడే ఉండిపోయింది. పేరొక్కటే ఓడెక్కి వచ్చింది."

ఆవిడ మామగారి తండ్రి క్లేర్ నుంచి వచ్చి ఈ నేల కొన్నప్పుడు, తన పారిష్‌లోని పేర్లన్నీ వరసగా ఈ బీళ్ళకు పెట్టాడట. నాక్‌మోర్ తర్వాత డెరీబెగ్, అంటే చిన్న ఓక్ తోపు. వాగు పక్కది క్లూనీన్, చిన్న పచ్చిక. అక్కడ ఓక్ చెట్టు లేదు, వాగులో నీళ్ళూ లేవు. ఇలాంటి నేలముక్కల్ని వాళ్ళ దేశంలో టౌన్‌లాండ్ అంటారని చెప్పింది. "టౌన్ అన్నారని ఊరనుకోకు. ఒక్క గడప లేని టౌన్‌లాండ్‌లు ఎన్నో ఉన్నాయి. అలాంటివి కొన్ని కలిస్తే పారిష్. పారిష్‌లు కలిస్తే బారనీ. బారనీలు కలిస్తే కౌంటీ. ఉత్తరం మీద ఇంటి నంబరు ఉండదు. మనిషి పేరు, టౌన్‌లాండ్ పేరు రాస్తే చాలు, పోస్టుమాన్ తిన్నగా వచ్చేస్తాడు."

నాకు మా నాన్న గుర్తొచ్చాడు. కనిగిరి వైపు రెవెన్యూ ఇన్‌స్పెక్టరుగా చేశాడు. పొలాలు, గ్రామాలు, ఫిర్కా, తాలూకా, జిల్లా అని నాకు చిన్నప్పుడే అప్పజెప్పించాడు. కాగితాల మీద సర్వే నంబర్లు, జనం నోట్లో దిబ్బ చేను, చౌట చేను, పాముల కయ్య. ఆ సంగతి చెబితే ఆవిడ ముఖం వెలిగిపోయింది.

"తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి ఆంటీ. మా నాన్న ఫిర్కా పేరు ఇప్పుడెవరూ తలవరు."

"మా బారనీకీ అదే గతి పట్టింది. దానితో ఎవరికీ పని లేదు. కానీ మా అమ్మ మాత్రం కొత్త మనిషి కనిపిస్తే ముందు ఏ బారనీ అనే అడిగేది."

ఇక్కడి ప్రభుత్వం కూడా నేలను కౌంటీలు, పారిష్‌లుగా విడగొట్టిందని, టౌన్‌లాండ్‌లు మాత్రం ఓడలో మర్చిపోయిందని వెక్కిరించేది.

క్లూనీన్‌కి ఆ చివర, వాగు మలుపులో కాస్త ఎత్తుగా రాతినేల ఉంది. అక్కడ గడ్డి మొలవదు. మధ్యలో గుండ్రంగా పేర్చిన రాళ్ళకుప్ప. ఒకసారి నేను అటు తిప్పబోతే ఆవిడ స్టీరింగు మీద చెయ్యి వేసింది.

"అటొద్దు. అది లిషీన్. ఆ పేరు నేను పెట్టింది."

"అంటే ఏంటి?"

"గేరు మార్చు. ఇంజను ఏడుస్తోంది వినబడటం లేదా?"

ఆ రోజు నుంచి ఆ రాళ్ళ వైపు చూడాలంటే నాకు ఒళ్ళు జలదరించేది. వంటింటి కిటికీలోంచి దూరంగా చుక్కలా కనిపించేవి. పరదా వేసేదాన్ని.

డిసెంబరులో అక్కడి ఎండాకాలం వచ్చాక ఆవిడకి మధ్యమధ్యలో మతి తప్పడం మొదలైంది. ఒక మధ్యాహ్నం తాడు పట్టుకుని వాకిట్లో నిలబడి, ఆవుల్ని తోలుకురావాలంది. ఆ పొలంలో ఆవులు లేక ఎన్నేళ్ళయిందో. ఇంకోసారి నన్ను ఎగాదిగా చూసి, "నువ్వు ఏ బారనీ పిల్లవు?" అంది. ఆ చూపులో నేనెవరో తెలిసిన ఆనవాలు లేదు. ఆ ఇంట్లో ఇంకెవరూ లేరు. "కనిగిరి, ఆంటీ," అన్నాను. "దూరమే," అని తల ఊపి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం మా ఆయనకి చెప్పాను. "ఏవండీ, నాకు భయంగా ఉంది. ఆవిడ ఎటన్నా వెళ్ళిపోతే?"

"కంగారు పడకు. వాళ్ళబ్బాయికి ఫోన్ చేసి చెబ్దాం. రెండువేలకి రోలోవర్ అయ్యేదాకా నాకు లీవ్ అన్న మాటే లేదు, అందరం స్టాండ్‌బైలో ఉన్నాం," అన్నాడు. గోదావరి జిల్లా మనిషి, ఎంత కంగారులోనూ తాపీగా మాట్లాడతాడు. కొడుకుతో అప్పుడే మాట్లాడాం. కొత్త సంవత్సరం రాగానే వచ్చి తీసుకెళతానన్నాడతను.

క్రిస్మస్ వెళ్ళిన తర్వాత ఒక రోజు పొద్దున్నుంచే ఎడారి మీదుగా వచ్చే ఉత్తరపు గాలి మొదలైంది. ఓవెన్ తలుపు తీసినట్టు వేడి. రేడియోలో గడ్డి మంటల గురించి చెబుతూనే ఉన్నారు. నేను బట్టలు తీయడానికి పెరట్లోకి వెళ్ళేసరికి ఉత్తరం దిక్కున గోధుమరంగు పొగ లేచి ఉంది. ఆవిడను పిలిచాను. పలకలేదు. గదులన్నీ చూశాను. షెడ్డులో యూట్ ఉంది. ఆవిడ లేదు.

ఎమర్జెన్సీ నంబరు ట్రిపుల్ జీరోకి ఫోన్ చేశాను. అవతల అమ్మాయి ఓపిగ్గానే అడిగింది, ఏ రోడ్డు, దగ్గరలో ఏ క్రాస్ రోడ్డు అని. చెప్పాను. "ఆవిడ పొలంలో ఎక్కడ ఉండొచ్చు?" అంది. నా నోటికి నాక్‌మోర్, డెరీబెగ్, క్లూనీన్ తప్ప ఏమీ రాలేదు. ఆ పేర్లు వాళ్ళ ఏ మ్యాపులోనూ ఉండవు. ట్రక్కు వస్తోంది, మీరు ఇంట్లోనే ఉండండి అంటుండగా లైను తెగిపోయింది.

నేను ఇంట్లో ఉండలేకపోయాను. ధైర్యం అనుకోకండి. ఆ ఖాళీ ఇంట్లో ఒంటరిగా పొగను చూస్తూ నిలబడటం అన్నిటికంటే భయంగా ఉంది, అంతే. యూట్ తాళం మేకుకే వేలాడుతోంది. ఇంజను రెండుసార్లు ఆగిపోయింది. గేట్లు తీసినవి తీసినట్టే వదిలేసి నాక్‌మోర్, డెరీబెగ్ దాటాను. ఒకప్పుడు ఆవులన్నీ నీళ్ళు తాగిన చోటని ఆవిడ ఎప్పుడూ చెప్పే క్లూనీన్‌కి వెళ్ళాను. ఎండిన వాగు పొడుగునా కేకలు వేశాను. ఎవరూ లేరు. పొగ నేల మీదికి దిగింది. సూర్యుడు ఎర్రటి బిళ్ళలా అయిపోయాడు. ఇక మిగిలింది లిషీన్ ఒక్కటే. నా చేతులు అటు తిప్పనంటున్నా తిప్పాను.

ఆవిడ రాళ్ళకుప్పకి వీపు ఆనించి కూర్చుని ఉంది. వంట ఏప్రన్ మీద ఉన్నికోటు. నేను పరిగెత్తి చెయ్యి పట్టుకున్నాను. "లేవండి ఆంటీ! మంట వస్తోంది!"

"నువ్వెళ్ళు. పాపను ఒక్కదాన్నీ వదిలి నేను రాను."

ఏ పాప అని అడిగే వ్యవధి లేదు. లాగాను. ఆవిడ బండరాయిలా కదల్లేదు. వెనక ఏదో పెద్ద లారీ వస్తున్నట్టు మోత. తిరిగి చూస్తే డెరీబెగ్ గోడ మీదుగా మంట దూకుతోంది. ఇక ఇంటివైపు దారి లేదు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. కింద కూలబడి, ఏడుస్తూనే, "నాకు భయమేస్తోంది ఆంటీ. నేను చచ్చిపోతాను. ఏం చెయ్యాలో నాకు తెలీదు," అన్నాను.

ఆవిడ నా ముఖం వైపు చూసింది. ఆ చూపు మారడం నేను కళ్ళారా చూశాను. ఎక్కడినుంచో తిరిగి వచ్చినట్టు.

"బండిని రాళ్ళ పక్కకి తీసుకురా. గడ్డి లేని చోట. ముక్కు మంటవైపు పెట్టు. అద్దాలు ఎత్తు," అంది. గొంతులో వణుకు లేదు. లేచి, సీటు వెనకనుంచి గొర్రెబొచ్చు దుప్పటి లాగింది. ఇద్దరం బండి లోపల కిందకి ముడుచుకున్నాం. దుప్పటి మా తలల మీద కప్పింది. "అద్దంలోంచి చూడకు. గడ్డి మంట తొందరగా పోతుంది. నా చెయ్యి పట్టుకో."

బండి ఊగింది. దుప్పటి లోపల ఊపిరాడలేదు. వెలుతురు నారింజరంగై, తర్వాత ఎరుపై, తర్వాత చీకటైంది. అద్దం మీద ఏదో టపటపా కొట్టుకుంది. ఆవిడ నా చెవి దగ్గర పేర్లు చెబుతూ ఉంది, టౌన్‌లాండ్, పారిష్, బారనీ, చంటిపిల్లను జోకొడుతున్నట్టు. నేను అమ్మా, అమ్మా అంటున్నాను. ఎంతసేపో చెప్పలేను. మోత మమ్మల్ని దాటి వాగు అవతలికి పోయింది.

తలుపు తీసేసరికి బీళ్ళన్నీ నల్లగా ఉన్నాయి. కంచె గుంజలు కొవ్వొత్తుల్లా మండుతున్నాయి. ఆ నల్లనేల మీదుగా ఫైర్ ట్రక్కు మెల్లగా మా వైపు వచ్చింది. ఇల్లు నిలిచింది. షెడ్డు కాలిపోయింది.

మా ఆయన్ని పోలీసులు రోడ్డు మీదే ఆపేశారు. సాయంత్రానికి పక్క ఊరి హాల్లో కలిశాడు. "ఎన్నిసార్లు ట్రై చేశానో తెలుసా? లైన్ డెడ్. నీకు బుద్ధుందా? యూట్ వేసుకుని మంటలోకి వెళతావా?" అని అరిచి, అందరి ముందూ వలవలా ఏడ్చేశాడు.

ఆ హాల్లో, టీ కప్పు ఒళ్ళో పెట్టుకుని, ఆవిడ నాతో చెప్పింది. వాళ్ళ వైపు జ్ఞానస్నానం కాకముందే పోయిన బిడ్డల్ని చర్చి నేలలో పెట్టనిచ్చేవారు కాదట. పాతకాలపు రాతి వలయాల దగ్గర పూడ్చేవారట. అలాంటి చోటిని లిషీన్ అనేవారు. ఆవిడ మొదటి కాన్పు ఇక్కడి ఆస్పత్రిలో. ఆడపిల్ల. ఊపిరి లేకుండా పుట్టింది. తీసుకుపోయారు. ఎక్కడ పెట్టారో ఆవిడకి చెప్పలేదు. అడిగితే, మర్చిపొమ్మన్నారు.

"ఆ రాళ్ళ కింద ఏమీ లేదమ్మాయ్. నేనే ఒక్కొక్కటీ మోసుకొచ్చి పేర్చాను. పిల్లకి ఒక చోటంటూ ఉండాలి కదా."

కొత్త సంవత్సరం వచ్చింది. కరెంటు పోలేదు, ఫోన్లు ఆగలేదు, మా ఆయన కంప్యూటర్లు ఏమీ అనలేదు. తర్వాత కొడుకు పెర్త్ నుంచి వచ్చాడు. యాభై ఏళ్ళ మనిషి. పొలం చూపించమని ఆవిడ నన్ను పంపింది. యూట్ నేనే నడిపాను, గేట్లు అతను తీశాడు. ఈ పేర్లు చిన్నప్పుడు విన్నాడు గానీ చాలావరకు మర్చిపోయాడు. లిషీన్ దగ్గర దిగి, "నాన్న దున్నేటప్పుడు ఏరిపోసిన రాళ్ళనుకున్నాను. ఇక్కడికి ట్రాక్టరు వస్తే అమ్మ కేకలేసేది," అన్నాడు. తనకో అక్క ఉందని అతనికి ముందురోజే తెలిసింది. టోపీ తీసి చాలాసేపు నిలబడ్డాడు. నేను బండి దిగలేదు. ఆ మోత ఇంకా నా చెవుల్లోనే ఉంది.

ఆవిడ కొడుకుతో పెర్త్ వెళ్ళిపోయింది. రెండు చలికాలాల తర్వాత పోయిందని అతనే ఫోన్ చేశాడు. మా ఆయనకి కాన్‌బెర్రాలో ఇంకో కాంట్రాక్టు దొరికి మేము అక్కడే గంగాలిన్‌లో స్థిరపడ్డాం. ఇప్పటికీ ఉత్తరపు గాలి వీచిన రోజు కారులో పెట్రోలు ఉందో లేదో చూసుకుంటాను. ఉన్నిదుప్పటి డిక్కీలో ఉంటుంది. పిల్లలు, "మమ్, రిలాక్స్," అంటారు.

ఆ మధ్య టార్నీట్‌లో బంధువుల గృహప్రవేశానికి వెళ్ళాం. వీధులన్నీ కొత్తవి, పేర్లన్నీ కొత్తవి. ఒకచోట వాగు మలుపు గుర్తుపట్టాను. దాని పక్కన ఇళ్ళ వరస. లిషీన్ ఉన్న ఆ ఎత్తు నేల మీద ఏం కట్టారో చూద్దామని మా ఆయన కారు స్లో చేశాడు. వద్దు, పోనివ్వమన్నాను.