వీపు మాత్రం ఇంట్లోనే

1961లో నేను ఆదిలాబాద్ జిల్లాలో ఒక బొగ్గు బావి దగ్గర లేడీ వెల్ఫేర్ ఆఫీసర్‌గా పనిచేస్తున్నాను. పేరు పెద్దది గానీ పని మాత్రం కార్మికుల క్వార్టర్ల మధ్య తిరగడమే. నల్లాలో నీళ్లు రాకపోయినా, బాలింతకు పాలు అందకపోయినా, మొగుడూ పెళ్లాం జుట్టూ జుట్టూ పట్టుకున్నా కబురు నాకే వచ్చేది. ఆ ఏడాది నన్ను శిక్షణ కోసం ఇంగ్లండు పక్కనున్న వేల్స్ బొగ్గు గనులకు పంపించారు. అక్కడ నేర్చుకున్నదాని కంటే కుళ్లుకున్నది ఎక్కువ.

నాది మొదటినుంచీ ఓర్వలేని గుణం. పక్కింటి పొయ్యి పొగ లేకుండా మండితే ఆ పూట నాకు అన్నం సయించదు. అలాంటిదాన్ని తీసుకుపోయి ఆ దేశంలో పడేశారు. అక్కడ బస్సు దిగాలంటే గొంతు చించుకోనక్కర్లేదు, నెత్తిమీద తాడు లాగితే గంట మోగుతుంది. నీళ్లు మరిగితే కెటిల్ ఈల వేసి పిలుస్తుంది. తలుపు తోయాలో లాగాలో చూడగానే తెలిసేట్టు తోసే వైపు ఇత్తడి రేకు, లాగే వైపు పిడి. రెండు చేతులా సామాను పట్టుకున్న ఆడమనిషి ఈ తలుపు దగ్గర ఏం చేస్తుందని ఎవరో కూర్చుని ఆలోచించారన్నమాట. మన గురించి అలా ఎవరాలోచించారు? ఒక్క విషయంలో మాత్రం నా కడుపు చల్లబడింది. చేతులు కడుక్కునే బేసిన్‌కు రెండు నల్లాలు. ఒకటి చేతులు కాలుస్తుంది, ఇంకోటి కొంకర్లు పోయేలా చేస్తుంది. రెండింటినీ కలిపే ఉపాయం ఆ మహానుభావులకు తట్టలేదు. దాన్ని చూసినప్పుడల్లా ప్రాణానికి హాయిగా ఉండేది.

ఆ హాయి ఎన్నాళ్లో నిలవలేదు. నేను బస చేసిన ఇంటావిడ భర్త బొగ్గు గనిలో కార్మికుడు. ఆ ఇంటి ముందుగదిలో మీగడ రంగు తివాచీ పరిచి ఉండేది. బొగ్గు తవ్వేవాడి ఇంట్లో మీగడ రంగు తివాచీ! ఇదెలాగని అడిగితే ఆయన ఒక ఆదివారం నన్ను గనికి తీసుకుపోయి, ఖాళీగా ఉన్న పిట్‌హెడ్ బాత్ చూపించాడు. గని ముఖం దగ్గరే కట్టిన స్నానశాల అది. ఇటు గదిలో మాసిన బట్టల లాకర్లు, అటు గదిలో ఉతికిన బట్టల లాకర్లు, మధ్యలో వేడినీళ్ల షవర్లు. పని దిగినవాడు ఇటునుంచి నల్లగా దూరి అటునుంచి దొరలా బయటపడతాడు. బొగ్గు వాళ్ల ఇంటి గడప తొక్కదు.

నాకు మా క్వార్టర్ల వరస గుర్తొచ్చింది. షిఫ్ట్ దిగే వేళకు ప్రతి పెరట్లో కాగు కింద మంట, పొగకు ఎర్రబడ్డ కళ్లు, మొగుడి ఒంటిమీది బొగ్గంతా రుద్ది వదిలించే ఆడవాళ్లు. వాళ్ల గోళ్లలో నలుపు పండగనాడు కూడా పోదు. ఈ ఇంటావిడ చేతులు చూస్తే వెన్నలా ఉన్నాయి. అసూయతో నాకు ఏడుపే వచ్చింది.

తిరిగి రాగానే మేనేజర్ వెంట పడ్డాను. నా పోరు పడలేక ఆయన ఒక షెడ్డు కట్టించి, షవర్లు పెట్టించి, ఇంజన్ బాయిలర్ నుంచి వేడినీళ్లు మళ్లించారు. అటూ ఇటూ లాకర్లు కూడా పెట్టించాను. మొదటి రోజు తిరునాళ్లలా ఉంది. వారం తిరిగేసరికి ఒక్క పురుగు కూడా లేదు. ఎందుకు రావడం లేదని అడిగితే ఒకడు నీళ్లు కాలుతున్నాయంటాడు, ఇంకొకడు చల్లగా ఉన్నాయంటాడు.

"ఏమమ్మా, మీ గుసల్‌ఖానల పిట్టలు తానం జేస్తున్నయట గద?" అన్నారు మేనేజర్. "నెలాఖరు దాక చూస్త. ఎవ్వరు రాకుంటే సిమెంటు బస్తాలు పెట్టిస్త."

ఆ మర్నాడే కొమురయ్య నా ఆఫీసుకు వచ్చాడు. అతను ఫిల్లర్, అంటే తవ్విన బొగ్గును పట్టాల మీద నడిచే టబ్బుల్లోకి ఎత్తేవాడు. స్నానశాల తెరిచిన రోజు అందరికంటే ముందు నిలబడ్డది అతనే.

"అమ్మా, మీ తానాల గది నా కొంప ముంచింది" అన్నాడు. "రాజవ్వ అలిగి లక్సెట్టిపేటకు వోయింది, తల్లిగారింటికి. నేను వోతే మా బామ్మర్ది గడపల అడుగు వెట్టనియ్యలే."

"తానం చేస్తే పెండ్లాం ఎందుకు పోతది?"

"గది మీరే అడుగుండ్రి. నేను జెప్తే ఇంటలేదు."

బస్సెక్కి లక్సెట్టిపేట పోయాను. రాజవ్వ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. నన్ను చూసి పీట వేసింది గానీ చేట కింద పెట్టలేదు.

"నీళ్లు కాగవెట్టుడు తప్పింది, రుద్దుడు తప్పింది. సుఖపడక గీ అలుగుడేంది రాజవ్వా?" అన్నాను.

"సుఖమా? అమ్మా, నల్లగ వచ్చినన్ని రోజులు నాకు ఏ ఫికర్ లేకుండె. బొగ్గు మనిషిని ఎవ్వలింట్ల మంచం మీద కూసోనిస్తరు? కల్లు కాంపౌండ్ల గూడ జర దూరం జరుగుమంటరు. నల్లగ వచ్చిండంటే బాయి కాడికెంచి సీదా నా కాడికే వచ్చినట్టు. గిప్పుడు తల దువ్వుకొని, తెల్లంగి తొడుక్కొని పెండ్లికొడుకు లెక్క వస్తుండు. ఏడ తానం జేసిండో నాకేమెర్క?"

"బాయి కాడనే చేసిండు. నేను చెప్తున్న గద."

"మీరు లోపటికి వోయి చూసిండ్రా?"

మగవాళ్ల స్నానాల గదిలోకి నేనెలా పోతాను? ఆమె వదల్లేదు.

"మీ సారు ఏడుంటడమ్మా?"

"కరీంనగర్‌ల, కాలేజీల పనిచేస్తడు. శనివారం శనివారం వస్తడు."

"తెల్లగనే వస్తడా?"

"తెల్లగనే వస్తడు."

అయ్యో పాపం అన్నట్టు చూసింది నన్ను. నాకు ఒళ్లు మండింది. కానీ షెడ్డు ఎందుకు ఖాళీ అయిందో అప్పుడే అర్థమైంది. అలిగి వచ్చింది రాజవ్వ ఒక్కతే. వరసలో మిగతావాళ్లంతా ఇదే మాట ఇంట్లోనే ఉండి అన్నారు.

"మరి గా దేశంల ఆడోళ్లకు గీ అనుమానం రాదా?" అంది.

"ఏమో, నేను అడగలే."

నిజంగానే అడగలేదు. తాడు చూశాను, తలుపు చూశాను, తివాచీ చూసి కుళ్లుకున్నాను. ఆ ఇంటావిడను మాత్రం ఈ ఒక్క మాట అడగలేదు.

"గాడ మొగోళ్ల ఈపు ఎవ్వలు రుద్దుతరు? చెయ్యి అందదు గద?"

"ఒకరి వీపు ఒకరు రుద్దుకుంటరట."

"ఛీ! మా ఆయన ఈపు ఇంకొకడు రుద్దుడేంది?" చేట ఆగిపోయింది. ఆ రోషం చూసి నాకు దారి దొరికింది.

"అయితే వీపు నీకే ఇడిచిపెడ్తడు. మిగతదంత అక్కడ కడుక్కుంటడు, వీపు నల్లగనే ఇంటికి తెస్తడు. ఎవ్వలు ముట్టుకున్నా నీకు ఎర్కైతది."

వెంటనే బేరం మొదలుపెట్టింది. "మెడ గూడ."

"సరే, మెడ గూడ."

"బుజాల ఎనుక?"

"అది గూడ నీదే."

"ఎప్పుడన్న తెల్లటి ఈపుతోని వస్తే?"

"ఆ రోజే బస్సెక్కు. నేనే టికెట్ కొనిస్త."

రాజవ్వ నవ్వింది. చేట లోపల పెట్టి, చీర మార్చుకుని నాతోనే బయలుదేరింది.

ఈ ఒప్పందం క్వార్టర్లలో నాలుగు రోజుల్లో పాకిపోయింది. స్నానశాల నిండింది. సిమెంటు బస్తాలు వేరే చోటు వెతుక్కున్నాయి. మేనేజర్‌కు మాత్రం అంతుపట్టలేదు. "అందరు తానం జేస్తుండ్రు, అందరి ఈపులు నల్లగనే ఉన్నయి! పొడుగు పిడి బ్రష్షులు తెప్పియ్యాల్నా?" అని అడిగారు. వద్దు సార్, అసలే వద్దు అన్నాను. నల్ల వీపు మీద తొడుక్కోవడానికి ఇంటికొక పాత బనీను మాత్రం కేటాయించుకున్నారు.

ఒక సాయంత్రం రాజవ్వ పెరటి పక్కగా పోతున్నాను. కాగు పోయి చిన్న గిన్నె వచ్చింది పొయ్యి మీదికి. కొమురయ్య బండ మీద తల వంచుకుని కూర్చున్నాడు. ఆమె బీరపీచుతో వీపు రుద్దుతూ, తిడుతూ, ఆ రోజు లోపల కప్పు నుంచి రాయి ఎక్కడ ఊడిపడిందో, పక్కన ఎవరున్నారో అడుగుతోంది. అతను ఒక్కొక్కటే చెబుతున్నాడు. వేల్స్‌లో తివాచీ చూసినప్పుడు కూడా నాకు అంత కడుపుమంట కలగలేదు.

ఆ తర్వాత నా ఉద్యోగంలో నల్లా వేయించినా, పొయ్యి మార్పించినా, దీనివల్ల మీకేం వస్తుందని అడిగి ఊరుకోలేదు. మీ దగ్గర్నుంచి ఏం పోతుందని కూడా అడిగాను. ఆ రెండో ప్రశ్నకే ఆడవాళ్లు దగ్గరికి జరిగి జవాబు చెప్పేవాళ్లు.

రాజవ్వ పెరట్లో అది చూసిన వారమే, శనివారం మా ఆయన కరీంనగర్ బస్సు దిగి వచ్చారు. ఇస్త్రీ చొక్కా, దువ్విన తల, ఒంటిమీద ఎక్కడా మచ్చ లేదు. స్నానానికి నీళ్లు పెట్టాలా అని అడిగాను.

"వద్దు, చేసే వచ్చిన" అన్నారు.

"ఏడ?" అన్నాను, నవ్వకుండా.